టిఫా స్కాన్‌లో పెదవి చీలిక అన్నారట, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు

గోదారిగట్టు (నవంబరు 5, 2025)

అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు, ఇది తొలిచూలు. మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. మొన్న సోమవారం ఏలూరు వెళ్లి ఐదో నెల స్కాన్, అదే టిఫా, చేయించుకున్నాను. 21 వారాలు. అక్కడ జరిగింది జరిగినట్టే రాస్తాను, పెద్దదైతే ఏమీ అనుకోకండి.

గది చీకటిగా ఉంది. ఏసీ చలికి అరికాళ్లు చల్లబడిపోయాయి. డాక్టరు గారు మొదట్లో బాగానే మాట్లాడారు, ‘ఏం తిన్నావమ్మా, కదలికలు తెలుస్తున్నాయా’ అని. తర్వాత ఒకచోట ఆగారు. మిషను పక్కకి జరిపి మళ్లీ అక్కడికే వచ్చారు. కుడిపక్కకి తిరగమన్నారు, ఎడమపక్కకి తిరగమన్నారు, బయటికెళ్లి నీళ్లు తాగి పది నిమిషాలు నడిచి రమ్మన్నారు. నడిచి వచ్చాక ఇంక ఒక్క మాట లేదు. స్క్రీన్ ఆయన వైపే ఉంది, నాకు కనబడింది ఆయన ముఖం మీద పడే వెలుగు ఒక్కటే. ‘అంతా బాగానే ఉందా సార్’ అంటే ‘రిపోర్టు ఇస్తాం, మీ డాక్టరు గారు చెప్తారు’ అన్నారు. పొట్ట మీద జెల్ తుడుచుకోమని కాగితాలిచ్చారు. నేను చీర సర్దుకునేలోపే సిస్టరు బయటికెళ్లి మావారిని పిలిచింది. తలుపు సందులోంచి ఆయన వీపు కనబడింది. తల ఊపుతూనే ఉన్నారు.

బస్సులో మూడుసార్లు అడిగాను, ‘ఏం లేదులే’ అన్నారు. ద్వారకా తిరుమల దాటాక నాలుగోసారి అడిగితే అప్పుడు చెప్పారు. ‘మూతి దగ్గర ఏదో తేడా ఉందంట. టెన్షన్ పడతావని నీకు చెప్పొద్దన్నారు.’ ఇంటికొచ్చి రిపోర్టు నేనే చదువుకున్నాను. డిగ్రీ దాకా చదివాను, అయినా క్లెఫ్ట్ లిప్ అన్నది తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. ఫోన్‌లో వెతికితే వచ్చిన ఫొటోలు చూసి రాత్రి మూడింటిదాకా కూర్చునే ఉన్నాను.

ఇంక మా అత్తయ్య వినగానే ‘గ్రహణం మొర్రి’ అనేశారు. సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి చంద్రగ్రహణం కదా, ఆ రోజు పాల మీద, పచ్చళ్ల మీద దర్భలు వేసి, కిటికీలు మూసి, కదలకుండా పడుకోమన్నారు. నేను పదకొండున్నరకి బాత్రూంకి లేచాను. మా బాత్రూం దొడ్లో ఉంటుంది. చంద్రుడు ఎర్రగా ఉంటే తలెత్తి చూశాను కూడా. దానికి రెండు రోజుల ముందే మూడో నెల స్కాన్ అయ్యింది, అందులో అంతా నార్మల్ అని రాశారు. ‘అప్పుడు లేనిది ఇప్పుడెలా వచ్చింది’ అని అత్తయ్య అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకే అనుమానంగా ఉంది.

విజయవాడలో ఫీటల్ మెడిసిన్ డాక్టరుకి, అంటే కడుపులో బిడ్డ సమస్యలు చూసే డాక్టరుకి, చూపించమని రిపోర్టు కింద రాశారు. అక్కడ ఏం అడగాలి? అక్కడైనా నాతో మాట్లాడతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు సోనాలజిస్టు (నవంబరు 5)

అమ్మా, ముందు గ్రహణం సంగతి చెప్తాను. మిగతావి రేపైనా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం మిమ్మల్ని ఈ రాత్రి కూడా పడుకోనివ్వదు.

మీరు చెప్పిన తేదీల ప్రకారం సెప్టెంబరు 7కి మీకు దాదాపు 13 వారాలు. బిడ్డ పై పెదవి ఒకే ముక్కగా పుట్టుకురాదు. ముక్కు కింద నుంచి మధ్య భాగం, రెండు బుగ్గల వైపు నుంచి పక్క భాగాలు వచ్చి కలిసి అతుక్కుంటాయి. చివరి నెలసరి నుంచి లెక్కపెడితే తొమ్మిది, పది వారాలకల్లా ఆ అతుకు పూర్తవుతుంది. మీ విషయంలో అది ఆగస్టు మూడో వారం. మీరు దొడ్లోకి వెళ్లి చంద్రుణ్ణి చూసేసరికి మీ బిడ్డ పెదవి ఇప్పుడెలా ఉందో అప్పటికే అలా ఉంది.

మరి మూడో నెల స్కాన్‌లో ఎందుకు కనబడలేదు? అప్పటికి మీ బిడ్డ తల నుంచి పిరుదుల దాకా సుమారు ఆరు సెంటీమీటర్లు. పెదవి ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆ స్కాన్‌లో ముఖ్యంగా చూసేది మెడ వెనక నీరు, ముక్కు ఎముక, పుర్రె, చేతులు, కాళ్లు. ‘నార్మల్’ అని రాసింది అప్పుడు చూడగలిగిన వాటి గురించే. మీ అత్తగారికి ఇది అలాగే చదివి వినిపించండి. ఆవిడ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్నే, జవాబు ఉంది.

ఈ చీలిక ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. కొన్ని వంశాల్లో వస్తుంది, కొన్ని మూర్ఛ మందుల వల్ల, గర్భానికి ముందు నుంచే ఉన్న షుగరు వల్ల, పొగ వల్ల కొంత ఎక్కువ వస్తుంది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మన తెలుగులో ఆ లోపం పేరులోనే గ్రహణం ఉండటం వల్ల పేరు పలికిన ప్రతిసారీ తల్లి మీద నింద పడుతోంది. అందుకే నా గదిలో ఆ మాట నేను వాడను, ‘పెదవి చీలిక’ అంటాను. అయినా తల్లి వెంటనే ‘అంటే గ్రహణం మొర్రా డాక్టరమ్మా?’ అంటుంది. అప్పుడు మాట మార్చకుండా, ‘జనం అలా అంటారమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు’ అని అక్కడికక్కడే చెప్పాలి. ఆ ఒక్క వాక్యం ఆ పూట చెప్పకపోతే ఆ తర్వాత ఎన్ని చెప్పినా లోపలికి వెళ్లదు.

ఇంక మీతో ఎందుకు మాట్లాడలేదన్నది. స్కాన్ మధ్యలో మాట ఆగిపోవడం మామూలే, మేము కొలతలు తీస్తుంటాం. బిడ్డ ముఖం కిందికి పెట్టుకుని ఉంటే తల్లిని నడిచి రమ్మంటాం, అదీ మామూలే. అయితే చూడటం అయిపోయాక మీకు చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పరంటే, మాలో చాలామందికి రెండు భయాలు. ఒకటి, తల్లి ఏడిస్తే ఏం చేయాలో మాకు ఎవరూ నేర్పలేదు. చదువులో గుండె నాలుగు గదులూ ఎలా చూడాలో ఏడాదంతా నేర్పారు, చూసింది ఎలా చెప్పాలో ఒక్క పూట కూడా నేర్పలేదు. రెండోది లింగ నిర్ధారణ చట్టం. ఎక్కువ మాట్లాడితే, స్క్రీన్ చూపిస్తే ఆడో మగో చెప్పామని ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని బిగుసుకుపోతారు. మీరు ఫారం ఎఫ్ మీద, అదే ఆ చట్టం కింద స్కాన్‌కి నింపే కాగితం మీద, సంతకం పెట్టే ఉంటారు. 1994 నాటి ఆ చట్టం ఆపింది ఆడా మగా చెప్పడాన్నే. బిడ్డ పెదవి, గుండె, వెన్ను ఎలా ఉన్నాయో తల్లికి చెప్పొద్దని అందులో ఎక్కడా లేదు.

నేను కూడా ఒకసారి ఇదే తప్పు చేశాను. పద్నాలుగేళ్ల క్రితం, ప్రాక్టీసులో మొదటి ఏడు. బిడ్డ మెదడులో నీరు ఎక్కువగా ఉందని భర్తకి వరండాలో చెప్పాను. అమ్మాయికి 20 ఏళ్లు కూడా ఉండవు, చెప్పే ధైర్యం నాకు లేక ఆయనకి చెప్పాను. వారం తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. రిపోర్టు నాలుగు మడతలు పెట్టి కర్చీఫ్‌లో చుట్టి తెచ్చుకుంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, అన్నిసార్లు తీసి చూసిందన్నమాట. ‘మేడమ్, ఇంట్లో అందరూ గుసగుసలాడుకుంటున్నారు. బిడ్డ చనిపోయిందా, నాకు చెప్పట్లేదా?’ అంది. బిడ్డ గుండె కొట్టుకోవడం అప్పటికప్పుడు వినిపించాను. బతికున్న బిడ్డని చనిపోయిందనుకుని ఆ పిల్ల వారం రోజులు మోసింది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. స్కాన్ అయ్యాక జెల్ తుడిచి, లేచి కూర్చోనిచ్చి, లైటు వేస్తాను. పడుకుని ఉన్న మనిషికి చెప్పను. ‘బయట ఎవరున్నారు, ఎవరిని పిలవమంటావు?’ అని తల్లినే అడుగుతాను. ఆమె పిలవమన్నవాళ్లే లోపలికి వస్తారు. ‘నేను ఒకటి చూశాను, అది నీకు చెప్పాలి’ అంటాను, ఒక్క నిమిషం ఆగుతాను. తర్వాత ఏం చూశానో, ఏవి బాగున్నాయో, ఏవి నాకు సరిగ్గా కనబడలేదో మూడూ చెప్తాను. పెదవి అయితే తెల్లకాగితం మీద బొమ్మ గీసి ఇస్తాను, ఎందుకంటే ఇంటికెళ్లాక వివరించాల్సింది ఆమే. ‘ఏం కాదులే’ అనను, ‘చాలా సీరియస్’ అని కూడా అనను. చివరికి నేను చెప్పింది ఆమె మాటల్లో నాకు తిరిగి చెప్పమంటాను. అక్కడే తెలిసిపోతుంది ఎంత చేరిందో.

విజయవాడ వెళ్లినప్పుడు లోపలికి అడుగుపెట్టగానే ‘ఏం కనబడినా నాకే చెప్పండి, మావారు పక్కనే ఉంటారు’ అని స్కాన్ మొదలుపెట్టకముందే అనండి. చీలిక ఒక పక్కేనా, రెండు పక్కలా అని అడగండి. లోపల అంగిలి సంగతి అడగండి. అది స్కాన్‌లో సరిగ్గా కనబడటం కష్టం, ‘పుట్టాకే తేలుతుంది’ అనే జవాబు రావచ్చు, దానికి కంగారు పడొద్దు. గుండెతో సహా ఇంకెక్కడైనా తేడా ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. చీలిక ఒక్కటే ఉంటే ఒక దారి, వేరేవి కూడా ఉంటే ఇంకో దారి. ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష అవసరమా, ఎందుకు, అది చేయించుకుంటే ఏం తెలుస్తుంది అని అడగండి. ఇవన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరు ముందు కాగితం తీయడానికి సిగ్గుపడొద్దమ్మా, అలా రాసుకొచ్చేవాళ్లతో మాట్లాడటం మాకే సులువు.

మున్నేరు (నవంబరు 6)

చెల్లీ, మాది ఖమ్మం. మా వాడికి పెదవి, అంగిలి రెండూ చీలికే. ఇప్పుడు ఆరేళ్లు, ఒకటో తరగతి. మాకు స్కాన్‌లో తెలియలేదు, పుట్టాకే తెలిసింది. పుట్టిన వెంటనే గుడ్డలో చుట్టి మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. నా దగ్గరికి గంటన్నర దాకా తేలేదు. ఏడుపు వినబడుతోంది, బిడ్డ రాడు. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ మరపుకి రాదు. నీకు ముందే తెలిసింది, నాలుగు నెలల టైముంది. అది నాకు దొరకనిది.

నువ్వు చూసిన ఫొటోలు ఆపరేషన్ కానివాళ్లవి. మావాడికి నాలుగో నెలలో పెదవి, ఏడాది దాటాక అంగిలి కుట్టారు. స్మైల్ ట్రైన్ అనే సంస్థ ఖర్చు పెట్టుకునే ఆసుపత్రులు ఉన్నాయి, మాకు ఆపరేషన్‌కి డబ్బు తీసుకోలేదు. మొదటి నెలల్లో కష్టమంతా పాల దగ్గరే. అంగిలి చీలితే పిల్లలకి పీల్చడం రాదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో, నిలువుగా ఎత్తుకుని, కొంచెం కొంచెంగా పట్టేదాన్ని. ఒక్కో పూట ముప్పావు గంట. పెదవి ఒక్కటే అయితే చాలామంది రొమ్ము పాలే తాగుతారట, మా వార్డులో ఒక పాప తాగేది.

మాటల్లో కూడా తేడా వచ్చింది. ‘అమ్మ’ చక్కగా అనేవాడు, ‘పప్పు’ అనమంటే ‘మమ్ము’ అనేవాడు. గాలి ముక్కులోంచి పోతుందట. స్పీచ్ థెరపీ మేడమ్ చిన్న కాగితం ముక్కలు బల్ల మీద పెట్టి ‘ప’ అంటూ ఎగరగొట్టించేది. ఏడాదిన్నర చేశాం. ఇప్పుడు ‘పప్పు వద్దు’ అని స్పష్టంగా అంటాడు.

ఇంకొకటి చెప్తాను, ఇది నీకు ఇప్పుడు అర్థం కాకపోవచ్చు. పెదవి ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లే ముందు నేను ఏడ్చాను. భయంతో అనుకున్నారు అందరూ. నాలుగు నెలలుగా నేను చూస్తున్న ఆ వెడల్పాటి నవ్వు మళ్లీ కనబడదని ఏడ్చాను.

పాకాల (నవంబరు 6)

అమ్మా, నేను మీ భర్త వైపు నుంచి రాస్తున్నాను. 2022లో మాకు మూడో నెల స్కాన్‌లో బిడ్డ పుర్రె పైభాగం, మెదడు ఏర్పడలేదని తెలిసింది. నన్ను పక్కకి పిలిచి చెప్పి, ‘ఆమెకు ఇప్పుడే చెప్పకండి’ అన్నారు. చెప్పినవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్పారు, నేనూ మంచికే అనుకున్నాను. రెండు రోజులు దాచాను. ఇంట్లో ఇద్దరమే. అన్నం పెట్టుకుని, తినకుండానే కంచం కడిగేస్తున్నానని ఆమె గమనించింది. ‘బిడ్డకేమైంది’ అని మాత్రమే అడిగింది. నేను చెప్పలేకపోయాను. డాక్టరు చెప్పినప్పుడు నేను సగమే విన్నాను, ఆమె అడిగేవాటికి నా దగ్గర జవాబుల్లేవు.

మూడో రోజు హనుమకొండలో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ స్టూలు లాక్కుని నా భార్యకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ‘మీ బిడ్డకి పుర్రె పైభాగం ఏర్పడలేదు. పుట్టినా బతకదు. నువ్వు చేసిన దేనివల్లా ఇది రాలేదు.’ అంతే అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. బయట ఓపీలో జనం ఉన్నారు, నర్సు రెండుసార్లు తలుపు తీసింది, ఆవిడ చేత్తో ఆగమన్నారు. నా భార్య చాలాసేపటికి ‘నొప్పి తెలుస్తుందా దానికి?’ అని అడిగింది. ‘తెలియదమ్మా, నొప్పి తెలిసే భాగమే ఏర్పడలేదు’ అన్నారు. అప్పుడు ఏడ్చింది. ‘చిన్నవాళ్లే, ఇంకో బిడ్డని కంటారు’ అని ఆవిడ అనలేదు, అందుకు ఈ రోజుకీ ఆవిడంటే మాకు గౌరవం. ఇలాంటి లోపం మళ్లీ వచ్చే అవకాశాన్ని తగ్గించే ఫోలిక్ యాసిడ్ మాత్రల సంగతి కూడా ఆ రోజు ఎత్తలేదు. నెల తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు, మళ్లీ గర్భం అనుకునే ముందు నుంచే రోజూ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవాలని, మామూలు వాళ్లకిచ్చే 400 మైక్రోగ్రాములు నీకు సరిపోవని విడమరిచి చెప్పారు. ఇప్పుడు మాకు పాప ఉంది, రెండో ఏడు.

మీవారికి నా మాటగా చెప్పండి. ఆయన మీద కోపం పెట్టుకోకండి. కారిడార్‌లో నిలబెట్టి చెప్తే ఎవరికైనా తల ఊపడం తప్ప ఇంకేమీ చేతకాదు.

గోదారిగట్టు (నవంబరు 7)

మీ అందరి జవాబులూ మావారికి చూపించాను. పాకాల అన్నయ్య గారిది రెండుసార్లు చదివి బయటికెళ్లి అరుగు మీద కూర్చున్నారు. తర్వాత వచ్చి డాక్టరు గారు ఆ రోజు ఏమన్నారో గుర్తున్నంతవరకు మొత్తం చెప్పారు.

ఇంకో ఇబ్బంది. మా ఆడపడుచు ఫోన్ చేసి ‘24 వారాలు దాటితే ఇంకేమీ చేయలేరు, ఈలోపే తీయించేయండి’ అంటోంది. ఇప్పుడు 21 దాటింది. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నాను. నిజంగా అంత తొందరా?

గుంటూరు సోనాలజిస్టు (నవంబరు 7)

అంత తొందరేమీ లేదమ్మా. 2021లో చట్టం మారింది. బిడ్డ బతకడం కష్టమైనా, తీవ్రమైన వైకల్యం ఉన్నా 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీస్తారు. చాలా తీవ్రమైన లోపమైతే 24 దాటాక కూడా మెడికల్ బోర్డు చూసి నిర్ణయిస్తుంది. గడువు అయిపోతోందన్న భయంతో, పరీక్షలన్నీ కాకముందే ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. మిగతా అవయవాలన్నీ బాగుండి పెదవి చీలిక ఒక్కటే ఉంటే, ఇన్నేళ్లలో గర్భం తీయమని నేను ఎవరికీ చెప్పలేదు. కుట్టి సరిచేసే లోపం అది.

ఇంకో మాట. 18 ఏళ్లు దాటిన స్త్రీకి గర్భం తీయాలంటే చట్టం అడిగేది ఆమె అంగీకారం ఒక్కటే. భర్త సంతకం అడగదు, అత్తగారిది అడగదు, ఆడపడుచుది అసలే అడగదు. మీరు వద్దంటే వద్దే.

వీలైతే అత్తగారిని కూడా విజయవాడ తీసుకెళ్లండి. ఇంటి పెద్దకి విషయం ఎవరో మోసుకొచ్చి చెప్పడం కన్నా, డాక్టరు నోటి వెంట నేరుగా వినడం మేలు.

గోదారిగట్టు (నవంబరు 13)

నిన్న వెళ్లొచ్చాం. అత్తయ్య వచ్చారు. దారంతా ఏమీ మాట్లాడలేదు.

నేను గదిలోకి వెళ్లగానే మీరు చెప్పిన మాటే అన్నాను. గొంతు వణికింది గానీ అన్నాను. డాక్టరు గారు ‘నీకే చెప్తానమ్మా, నీ బిడ్డ కదా’ అన్నారు. నలభై నిమిషాలు చూశారు. ఎడమపక్క ఒక్కటే చీలిక. అంగిలి బాగానే ఉన్నట్టుంది, పుట్టాకే ఖాయంగా చెప్పగలం అన్నారు. గుండె, వెన్ను, మెదడు అన్నీ బాగున్నాయన్నారు. ఉమ్మనీటి పరీక్ష గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ఆలోచించుకుని రమ్మన్నారు. మావారూ నేనూ ఇంకా మాట్లాడుకుంటున్నాం. చివర్లో స్క్రీన్ నా వైపు తిప్పి పెదవి చూపించారు. ఫోన్‌లో చూసినట్టు లేదు. చిన్న గీత. బిడ్డ అప్పుడే నోరు తెరిచి మూసింది, ఉమ్మనీరు మింగుతోందట.

అత్తయ్య అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడే ఉన్నారు. గ్రహణం సంగతి అడుగుతారేమోనని నాకు లోపల బెదురుగానే ఉంది. దగ్గరికొచ్చి స్క్రీన్ వంక చూసి, ‘పాలు తాగుద్దా అమ్మా?’ అని అడిగారు. డాక్టరు గారు ‘తాగుతుంది, పట్టే పద్ధతి నేర్పిస్తాం’ అన్నారు.

పొద్దున్న అత్తయ్య అటక మీంచి ఇత్తడి ఉగ్గుగిన్నె దించి చింతపండుతో తోమారు. మావారు చిన్నప్పుడు తాగిందట. ఖమ్మం అక్కా, ఇత్తడిది వాడొచ్చా, స్టీలుదే కొనాలా?

మున్నేరు (నవంబరు 13)

స్టీలుది కొను చెల్లీ, ప్రతిసారీ నీళ్లలో మరగబెట్టాలి. ముక్కు సన్నగా ఉన్నది చూసి తీసుకో. మార్చి లోపు ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుందాం, ఎలా పట్టుకోవాలో మావాడి బొమ్మతో చూపిస్తాను.